పురుగుల ఇంటి బడి

ఆ రోజుల్లో హోసూరు దగ్గర మా కెలమంగలం పక్క బడికి పోని పిల్ల అంటే జనానికి రెండే కారణాలు తోచేవి. పిల్లకు ఏదో జబ్బు ఉండాలి, లేదా పిల్ల తండ్రికి ఉండాలి. మా విషయంలో ఊరు రెండోదాన్నే ఖాయం చేసుకుంది. మా నాన్న డిగ్రీ చదివినవాడు, కాస్త మల్బరీ తోట, పట్టుపురుగుల పెంపకం ఉన్నవాడు, మాట మెత్తన, పంతం గట్టి. తన చిన్నప్పుడు బడిలో ఏం జరిగిందో ఆయన ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు గానీ, ఎక్కడైనా బడి గంట వినబడితే ఇప్పటికీ ఆయన రెండు చేతులూ తనకు తెలియకుండానే వీపు వెనక్కి పోతాయి. నా బిడ్డకు నేనే చెప్పుకుంటానని ఒక్క మాట అన్నాడు, అంతే, నేను బడి గడప తొక్కలేదు. మా పెద్దమ్మ మాత్రం వచ్చినప్పుడల్లా నా గడ్డం పట్టుకుని, సంతలో దూడను చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది పెద్దయినాక ఎట్లయితాదో ఏమో" అని నిట్టూర్చేది. ఎట్లయిందో చెబుదామనే ఇది రాస్తున్నాను. (పెద్దమ్మా, ఎవరైనా నీకు చదివి వినిపిస్తే మధ్యలో లేచి పోవద్దు.)

పట్టుపురుగులు పెంచేవాళ్లకు చెప్పనక్కరలేదు, మిగతావాళ్లకు కొంచెం చెప్పాలి. పురుగు మేసినన్నాళ్లూ మనిషికి ఊపిరి సలపదు. పొద్దున ఆకు, మధ్యాహ్నం ఆకు, సాయంత్రం ఆకు. కొయ్యడం, మొయ్యడం, పరచడం. ఆ దినాల్లో మా నాన్నకు నా చదువు కాదు గదా, నా పేరు గుర్తుండటమే గొప్ప. అయితే నడుమ నడుమ పురుగు మేత మానేస్తుంది. పాత చర్మం విడిచి కొత్త చర్మంలోకి రావడానికి తల పైకెత్తి, కదలకుండా, ఒక రోజో ఇంకాస్త ఎక్కువో అలాగే ఉండిపోతుంది. దాన్ని జ్వరం అంటారు. పురుగుకు జ్వరం వస్తే నాన్నకు తీరిక, నాన్నకు తీరికైతే నాకు బడి. చిక్కల్లా ఏమిటంటే, జ్వరంలో ఉన్న పురుగు దగ్గర గట్టిగా మాట్లాడకూడదని మా ఇంటి కట్టుబాటు. ఉలిక్కిపడితే చర్మం సగంలో చిక్కుకుంటుందని మా అవ్వ నమ్మకం, ఆమె నమ్మకం ఇంటికి చట్టం. పోనీ బయటికి వెళ్లి చదువుకుందామంటే చీమలూ బల్లులూ కాచుకుని ఉంటాయి, పురుగులను ఒంటరిగా వదలకూడదు. అందువల్ల నా చదువంతా పురుగుల ఇంటి లోపలే, ఆ మసక వెలుతురులో, గుసగుసలతోనే జరిగింది. ఎక్కాలు గుసగుస, ఇంగ్లీషు గుసగుస, నదులూ పర్వతాలూ గుసగుస. నాన్న నా చెవి దగ్గర బొంగురుగా ఒక ప్రశ్న వదిలి ఆగేవాడు. ఎంతసేపైనా ఆగేవాడు, ఆయనకు వేరే పని లేదు కదా. చివరికి నేను జవాబు గుసగుసలాడేదాన్ని. చుట్టూ తట్టల నిండా వేల పురుగులు తలలు పైకెత్తి వింటూ ఉండేవి. నా సహవిద్యార్థులు అవే. అంత బుద్ధిగా పాఠం విన్న తరగతి మరెక్కడా ఉండదని నేను పందెం కాయగలను. (ఆ తర్వాత ఆ తరగతిని ఏం చేసేవాళ్లమో దయచేసి అడక్కండి.)

ఇలా పెరిగిన పిల్లకు తాను ఎలా పెరిగిందో తెలియదు. చేపకు నీళ్ల సంగతి ఎవరు చెబుతారు? పదో తరగతి ప్రైవేటుగా కట్టి కృష్ణగిరిలో పరీక్ష రాస్తుంటే, హాల్లో కాపలా ఉన్న టీచరమ్మ నా దగ్గరికి వచ్చి నిలబడింది. చుట్టూ చూసింది, బల్ల కిందికి వంగి చూసింది, కిటికీ బయటికి కూడా చూసింది. చివరికి నన్ను ఒక్కదాన్నే వరండాలో కూర్చోబెట్టింది. బాగా రాసేవాళ్లకు చేసే మర్యాద కాబోలు అనుకున్నాను. మర్నాడు కూడా అదే మర్యాద జరిగింది. ఇంటికి వచ్చి చెబితే నాన్న పొంగిపోయాడు, అమ్మ నాకు దిష్టి తీసింది.

పన్నెండో తరగతి కూడా ఆ మర్యాదతోనే గట్టెక్కి, ఆ తర్వాత సూళగిరి దగ్గర బండ్లకు ఇనుప పిన్నులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో, తనిఖీ గదిలో ట్రైనీగా చేరాను. హోసూరులో ఒక గది, రోజూ కంపెనీ వ్యాను. మొదటి రోజు సైరన్ మోగితే ఎక్కడో నిప్పంటుకుందని బయటికి పరుగెత్తాను. అది టీ గంటట. సూపర్వైజరు లోపలికి రాగానే అందరూ లేచి నిలబడ్డారు. నాకు ఆ పద్ధతి తెలియదు. ఇంటికి పెద్దవాళ్లు వస్తే చేసినట్టు నా స్టూలు జరిపి, కూర్చోండి సార్, నీళ్లు తెమ్మంటారా అని అడిగాను. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ సన్నటి మందాలు కొలిచే మైక్రోమీటరు ఉండేది కాబట్టి ఆయన్ను అందరూ మైక్రో సార్ అనేవాళ్లు. ఆయన నా వంక చూసి, ఇది పొగరా అమాయకత్వమా అని కొలుస్తున్నట్టు కళ్లు చికిలించాడు. కొలత తేలలేదనుకుంటాను, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు.

ఆ వేళ నా పక్కన కూర్చుని నవ్వు ఆపుకోలేక దగ్గు నటించిన పిల్లది ఊత్తంగరై పక్కన కల్లావి అనే ఊరు. అందుకే ఆమెను అందరం కల్లావి అనే పిలిచేవాళ్లం. నా గదిలోనే రెండో మంచం ఆమెది. వరుసలో ఎలా నిలబడాలో, టీ దగ్గర ఎలా తోసుకోవాలో, ఒంటికి పోవాలంటే ఎవరిని అడగాలో (అడగాలని నాకు అంతవరకూ తెలియదు) అన్నీ ఆమే నేర్పింది. స్నేహితురాలు అనే మాట నాకు మూడు భాషల్లో తప్పు లేకుండా రాయడం వచ్చు గానీ, మనిషి రూపంలో చూడటం అదే మొదటిసారి. నాకు ఉద్యోగం పోయినా ఫరవాలేదు, కల్లావి మాత్రం పోకూడదు అనిపించేంతగా ఆ పిల్ల నాకు కావలసినదైపోయింది. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా అదే నిజం.

ఇక ఆ తనిఖీ గది. దానికి కిటికీలు లేవు. చలి మాత్రం ఎప్పుడూ ఒకే తీరుగా ఉండేది. ఒక్కో బల్ల మీద ఒక్కో దీపం, మిగతాదంతా మసక. తలుపు వేస్తే మిషన్ల మోత మొత్తం ఆగిపోయి, చెవుల్లో మన రక్తం మనకే వినిపించేంత నిశ్శబ్దం. తట్టల్లో పిన్నులు తలలు పైకెత్తి వరసలుగా నిలబడి ఉండేవి. మిగతా ట్రైనీలు ఆ గదిలోకి రావాలంటే ముఖం ముడుచుకునేవాళ్లు. నాకు మాత్రం అక్కడ అడుగు పెట్టగానే ప్రాణం హాయిగా సర్దుకునేది. ఎందుకో అప్పుడు ఆలోచించలేదు.

చేరిన కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం కల్లావి చేతిలోని పిన్ను కింద పడింది. ఆమె నా వైపు తిరిగింది. "మే, ఇపుడు ఎవురు మాట్లాడింది?" అని అడిగింది. (మే అంటే మా పక్క ఆడపిల్లల మధ్య ఏమే లాంటి పిలుపు.) ఎవరూ మాట్లాడలేదన్నాను. ఆమె నా దగ్గరికి జరిగి చెప్పింది. "ఒగ మొగాయన. గొంతు బొంగురుగా ఉండె. ఏమో అడిగినాడు. అడిగేసి సుమ్మా, ఊరికే కాచుకోనున్నాడు. శానాసేపు పొయినాక ఒగ చిన్నపిల్ల జవాబు చెప్పింది. నడమ ఆయన కాచుకోనుండేది చూడు, అదే నాకు పయం."

రెండు మూడు రోజుల్లో గది ఊడ్చే ఆమెకు వినిపించింది. తర్వాత ప్యాకింగులో ఉండే అమ్మాయిలకు వినిపించింది. అందరికీ అదే: గోడల్లోంచి వచ్చినట్టు ఒక మగ గొంతు అడగడం, ఆగడం, ఒక పసి గొంతు జవాబివ్వడం. ఈ స్థలం ఒకప్పుడు ఎవరిదో తోట అనీ, అక్కడి కొట్టంలో ఒక తండ్రీ కూతురూ పోయారనీ ఒక కథ పుట్టింది. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు గానీ, వారం తిరిగేసరికి ఆ కూతురి గౌను రంగు కూడా తేలిపోయింది. తలుపుకు నిమ్మకాయలు కట్టారు. మైక్రో సార్ వాటిని చూసి, గదిలో తేమ పెరుగుతుంది తియ్యండి అన్నాడే గానీ, తాను మాత్రం తియ్యలేదు.

ఇంతమందికి వినిపించిన ఆ గొంతు నాకు ఒక్కసారి కూడా వినిపించలేదు. చెవులు రిక్కించి కూర్చున్నా లేదు. పక్కన కల్లావి ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకున్న క్షణంలో కూడా నాకు ఏమీ వినపడలేదు. ఆ మాట ఒక సాయంత్రం గదిలో కల్లావితో అంటే, ఆమె దువ్వుతున్న దువ్వెన ఆపి నన్ను ఒక తీరుగా చూసింది. వాళ్ల అవ్వ చెప్పేదట: గాలి చేష్ట ఊరందరికీ వినిపించి ఒక్కరికి వినిపించలేదంటే, అది ఆ ఒక్కరి మీదనే ఉందని లెక్క. ఆ తర్వాత నా పరిస్థితి ఏమని చెప్పను! అద్దంలో నా ముఖం కన్నా ముందు భుజం వెనక చూసుకునేదాన్ని. మెడ మీద ఏదో బరువు ఉన్నట్టే ఉండేది. భయం మరిచిపోవాలని పనిలో తల దూర్చి, ప్రాణం పెట్టి కొలతలు తీసేదాన్ని. నేను ఎంత శ్రద్ధగా పనిచేస్తే ఆ గొంతు అంత ఎక్కువగా వస్తోందని పక్కబల్ల వాళ్లు గొల్లుమనేవాళ్లు. నేను ఇంకా భయపడి ఇంకా శ్రద్ధగా పనిచేసేదాన్ని.

చివరికి కల్లావి ఇక చాలంది. శనివారం దాకా చేసి ఊరికి పోతానంది. నేను బతిమాలాను, అలిగాను, అన్నం మానేశాను (ఇంట్లో ఒక్కదాన్నే పెరిగినందుకు నాకు తెలిసిన ఆయుధాలు అవే). ఆమె కరగలేదు. బ్యాగు మంచం కిందినుంచి బయటికి వచ్చింది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం గట్టి వాన. ఉన్నట్టుండి కరెంటు పోయింది. జనరేటరు అందుకోలేదు. కిటికీ లేని గదిలో చీకటి, తలుపు మీద బ్యాటరీ పచ్చదీపం ఒక్కటే వెలుగుతోంది, ఆ పచ్చదనంలో తట్టల నిండా పిన్నులు తలలెత్తి నిలబడి ఉన్నాయి. నా చేతిలో అప్పుడే కొలుస్తున్న పిన్ను ఉంది. ఎవరూ కదలడం లేదు. అప్పుడు నేను తప్ప అందరూ విన్నారు: ఇది ఎంత, అని ఆ మగ గొంతు. తర్వాత మౌనం. ఎవరో ఏడుపు మొదలుపెట్టారు. నేను కల్లావి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఆ చెయ్యి మెల్లగా నా చేతిలోంచి జారి, చీకట్లో నా భుజం మీదికి, మెడ మీదికి, ముఖం మీదికి తడుముకుంటూ వచ్చింది. వేళ్లు నా పెదవుల దగ్గర ఆగిపోయాయి.

"నువ్వే మే" అంది కల్లావి, చాలా నెమ్మదిగా.

మైక్రో సార్ ఫోను లైటు నా ముఖం మీద పడింది. నువ్వా మాట్లాడేది అని అడిగాడు. లేదు సార్, మా అమ్మ మీద ఒట్టు అన్నాను. అది అబద్ధం కాదు, నాకు తెలిసినంతలో అదే సత్యం. కల్లావి ఇంకో మాట లేకుండా కొత్త పిన్ను ఒకటి నా చేతిలో పెట్టి, కొలవమంది. తన అరచేతితో నా నోరు మూసింది. గది నిశ్శబ్దం. అరచెయ్యి తీసింది. ఇది ఎంత, అంది బొంగురు గొంతు. మైక్రో సార్ ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ రోజు మొదటిసారిగా నాకూ వినిపించింది. ఆ పచ్చటి చీకట్లో, అంతమంది మధ్య, నా నోట్లోంచి మా నాన్న మాట్లాడుతున్నాడు. మాట్లాడి, నా జవాబు కోసం ఆగాడు.  కల్లావి అవ్వ చెప్పింది అక్షరాలా జరిగింది, వినిపించని మనిషి మీదనే ఉంది అది.

సాయంత్రం వ్యానులో నా పక్క సీట్లో ఎవరూ కూర్చోలేదు. కల్లావి కూడా కూర్చోలేదు. గదికి వచ్చాక ఆమె అటు తిరిగి బట్టలు మడుస్తూ, "మీ నాయన ఎపుడు పొయినాడు?" అని అడిగింది.

"యాడికి?"

"పైకి."

"లేదు మే. కెలమంగలంలో ఆకు కోస్తా ఉంటాడు."

ఆమె నమ్మలేదు. బతికున్నవాళ్లు ఇంకొకరి ఒంటి మీదికి ఎట్లా వస్తారని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. ఆదివారం నాతో వచ్చి ఆయన్ను కళ్లారా చూడమన్నాను, చూసి ఊరికి పొమ్మన్నాను. ఏమనుకుందో, సరే అంది. బ్యాగు మాత్రం సర్దిన బ్యాగే, వెంట తెచ్చుకుంది.

మేము వెళ్లేసరికి అమ్మ సంతకు పోయింది, వాకిలి ఖాళీ. నాన్న పురుగుల ఇంట్లో ఉంటాడని అటు నడిచాం. కాళ్లు కడుక్కుని, పురుగులకు తెగులు సోకకుండా గడప ముందు పరిచిన సున్నంపొడి తొక్కి లోపలికి పోవాలని చెప్పి, నేను కుక్కలు రాకుండా కంప తడిక వేయడానికి వెనక ఆగాను. కల్లావి ముందు నడిచింది. గోనెపట్టా తెర పక్కకు జరిపింది. లోపల మసక, ఆకు వాసన, వరసలు వరసలుగా తలలు పైకెత్తి కదలని వేల పురుగులు. ఆ చీకట్లోంచి బొంగురు గుసగుస వచ్చింది.

"ఎవురమ్మా అది?"

కల్లావి అరవలేదు. ఉన్నచోటనే సున్నంలో కూలబడింది. నాన్న కంగారుగా బయటికి వచ్చాడు: సన్నటి మనిషి, చిరిగిన బనియను, భుజాన తువ్వాలు. ఏమాయె పాపా, ఎండదెబ్బా అని ఆమె ముఖం దగ్గర గుసగుసలాడాడు. ఆయన ఒక్కో గుసగుసకూ కల్లావి ఒక్కో జానెడు వెనక్కి జరుగుతోంది, లంగా అంతా తెల్లనైపోయింది. నాన్నా, గట్టిగా మాట్లాడు అన్నాను నేను. నాలుగో జ్వరంలో ఉండాయి కదమ్మా అన్నాడు ఆయన, గుసగుసగానే. ఒకవైపు పంట, ఒకవైపు నా ఒకే ఒక్క స్నేహితురాలు. జీవితంలో మొదటిసారి మా నాన్న ముందు గొంతెత్తాను. పురుగులు పోతే పోనీ, గట్టిగా మాట్లాడు అని అరిచాను. ఆయన నా వైపు చూశాడు, పురుగుల ఇంటి వైపు చూశాడు, చకచకా వాకిలి దాటి ఎండలోకి పోయి నిలబడి నోరు తెరిచాడు.

"నేనేమి తప్పు చేసినాను తల్లీ?"

మా నాన్న అసలు గొంతు సన్నం. కొంచెం కీచు కూడా. కల్లావి ఆయన వైపు నోరు తెరుచుకుని చూసి, ఒక్కసారిగా పకపకా నవ్వింది. సున్నంలో కూర్చునే, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

జ్వరం కాబట్టి ఆయనకు తీరికే. అన్నాలు తిన్నాక కల్లావిని పురుగుల ఇంట్లో నా పాత పీట మీద కూర్చోబెట్టి, ఇవి తల ఎందుకు పైకెత్తుకుని ఉన్నాయో చెప్పు చూద్దాం అని గుసగుసగా అడిగాడు. ఆమె తెలియదంది. ఆయన ఆగాడు. ఆమె నా వంక చూసింది, నేను నోరు మెదపలేదు. పక్కనున్న పురుగులూ మెదపలేదు. చాలాసేపటికి ఆమె, పాత తోలు ఊడి కిందికి పోవాలంటే తల పైన ఉండాల కదా అయ్యా, అని మెల్లగా చెప్పింది. ఆయన తలూపాడు. తప్పో ఒప్పో చెప్పలేదు, అట్లా చెప్పడం ఆయన పద్ధతి కాదు. తర్వాత ఇంకో ప్రశ్న వేశాడు.

తిరుగు బస్సులో హోసూరు వస్తుందనగా కల్లావి అంది: "పన్నెండేండ్లు బడికి పొయినాను మే. నన్ను అడిగేసి ఎవురూ కాచుకోలేదు. పక్క పిల్ల చెప్పేసేది." బ్యాగు మళ్లీ మంచం కిందికి పోయింది.

మైక్రో సార్ నా బల్లను కంప్రెసర్ మోత వచ్చే గోడ పక్కకు మార్పించి, ఆ విషయం అంతటితో సరిపెట్టాడు. నిమ్మకాయలు కూడా పోయాయి. కానీ కొన్నాళ్లకే పక్కబల్ల అమ్మాయిలు మళ్లీ గొల్లుమన్నారు. దెయ్యం మూలనుంచి కల్లావి బల్ల ఉన్న నడిమధ్యకు వచ్చిందట, ఇప్పుడు జవాబు చెప్పే గొంతుకు కల్లావి యాస ఉందట.

ఇదంతా జరిగి ఏండ్లయింది. అదే తనిఖీ గదికి ఇప్పుడు నేనే పెద్దను. వరుసలో నిలబడటం, సైరన్‌కు ఉలిక్కిపడకపోవడం అన్నీ వచ్చాయి. బడి వయసులో బడికి పోకపోతే ఏమవుతారని నన్నడిగితే, ఏమీ కారు, కొంచెం ఆలస్యంగా అందరిలాగే అవుతారు అంటాను. పెద్దమ్మ కూడా బాగానే అయినావు అంటుంది, గడ్డం తిప్పి చూడటం మాత్రం మానలేదు. నాన్న పురుగులు మానేశాడు. ఆ ఇంట్లో ఇప్పుడు నీళ్ల పైపుల చుట్టలు, పాత సైకిలు ఉన్నాయి. ఆయనకు చెవులు కాస్త మందగించాయి, ఫోనులో ఆ సన్నగొంతుతో ఎంత గట్టిగా అరుస్తాడంటే నేనెక్కిన బస్సంతా మా ఇంటి విషయాలు వింటుంది. మొన్న వెళ్లినప్పుడు, నాన్నా ఒకసారి గుసగుసగా మాట్లాడు అన్నాను. ప్రయత్నించాడు, రాలేదు. ఇంక ఎవురి కోసమమ్మా, అని గట్టిగానే నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఈమధ్య కల్లావి ఫోను చేసింది. పెండ్లయి కృష్ణగిరిలో ఉంది. వాళ్ల చిన్నోడు లెక్కలు చేస్తుంటే ఎవరో ముసలాయన మాట్లాడినట్టు ఉందట, వాళ్ల అత్త తాయెత్తు కట్టించిందట. ఆ బిడ్డ మా నాన్నను ఎప్పుడూ చూడలేదు. ఏం చెయ్యాల మే, అని నవ్వుతూ అడిగింది. ఏమీ చెయ్యొద్దు, వాడు జవాబు చెప్పేదాకా కాచుకో అన్నాను.

అప్పుడప్పుడు అందరూ టీకి పోయాక ఆ గదిలో ఒక్కదాన్నే, ఏదో డ్రాయింగు అర్థం కాక తల పట్టుకుని కూర్చుంటాను. దీపం కింద పిన్నులు తలలెత్తి ఉంటాయి. అప్పుడు చెవి దగ్గర, బొంగురుగా, ఇది ఎంత అని వినిపిస్తుంది. కొత్తగా చేరిన పిల్ల ఎవరో తలుపు తీసి, ఒక క్షణం నిలబడి, మళ్లీ వేసుకుని పరుగెత్తిన చప్పుడు కూడా వినిపిస్తుంది. పిలిచి చెప్పాలనే అనుకుంటాను. చెప్పను, నవ్వుకుంటాను. జవాబుకు కూడా తొందరపడను. ఆయన ఆగుతాడు. ఆయనకు వేరే పని లేదు కదా.